పండబెట్టిన కంబం

(మిట్టేమరి దగ్గర ఒక టమోటా చేను. గట్టు మీద ట్రాన్స్‌ఫార్మరు కంబం. చేతన్ కంబం మీద సగానికి ఎక్కి ఉన్నాడు. అతని మేనత్త అక్కయమ్మ కింద నిలబడి ఉంది. మధ్యాహ్నం.)

"ఏమప్పా చేతనా, ఆడే నిలబడిపోతివి?"

"ఏం లేదత్తా. గాలి."

"యాడుండాది గాలి? ఆకు కూడా కదల్లా. నా కొంగు సూడు, యాడ పడిందో ఆడే ఉండాది."

"పైన ఉండాదత్తా. కింద నీకు తెలీదు."

"పైకి నువ్వు ఇంగా పోలేదు కదప్పా. సగానికే ఉండావు."

"రవంత సుధారించుకుంటా ఉండా."

"సుధారించుకో, ఎవరొద్దన్నారు. నిన్న సాయంత్రం గాలికి ఆ తీగె తెగినప్పటినుంచి చేనుకి సుక్క నీళ్ళు లేవు. చెట్లన్నీ తలకాయలు వాల్చేసినాయి. కాయ దిగే టైములోనే తెగాలా అది."

"తెలుసు అత్తా."

"తెలుసు తెలుసు అంటావు, చెయ్యి కదిలించవు. చిన్నప్పుడు మా చింతచెట్టు కొసకి పోయి కూర్చుంటాంటివి. మీ నాయన కట్టె పట్టుకోని కింద తిరుగుతా ఉంటే పైనుంచి నగుతాంటివి. దానిముందర ఈ కంబం ఎంత?"

"చింతచెట్టుకి కొమ్మలుంటాయత్తా."

"దీనికి నీ నడుముకి బెల్టుండాది కదా."

"ఉండాది."

"మరి?"

"అత్తా, నాతో మాట్లాడతా ఉండు. ఊరకుండొద్దు."

"ఎక్కమంటే మాట్లాడమంటావు. ఏం మాట్లాడాల? నా సెల్లులో మోగే పాట పాడమంటావా?"

"ఏదన్నా సరే. కిందికి సూడకుండా ఉండాల నేను. నీ మాట వింటా ఉంటే ఈ కంబాన్నే సూస్తా ఉంటా."

"అట్లాంటి మాటలు చెప్పొద్దప్పా."

"గట్టు మీద ఎవరన్నా ఉండారా?"

"ఎవరూ లేరు. అందరూ అన్నాలు తినేకి ఇండ్లకి పోయినారు. కరెంటొస్తే మోటర్లు వేసేకి వస్తారు. నేనే ఉండా. మా అల్లుడు ఎక్కతాండాడు, సూసుకోని వస్తా అని నేనే ఉండిపోతి."

"నువ్వు ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే. ఏమి?"

"అయితే ఒక మాట చెప్తా. ఊర్లో అనొద్దు."

"చెప్పు."

"వద్దులే."

"చెప్పప్పా. సగంలో నిలబడేది, సగం మాట చెప్పేది. ఏందిది?"

"నేను కంబం ఎక్కేది ఇదే మొదలు."

"ఎగతాళా? ప్రమాణపత్రం తెస్తివి కదా. ఢిల్లీ ముద్ర ఏసి, సింహాల బొమ్మ ఏసి. కరెంటు లైను పనిలో నిపుణుడు అని హిందీలో రాసుండాదని మా కూతురు ప్రేమ చదివి చెప్పె. నీ ఫోటోతో కలిపి అద్దం కట్టించి గోడకి తగిలిస్తి. వచ్చినోళ్ళకంతా సూపిస్తాండా."

"ఎక్కినా అత్తా. అబద్ధం కాదు. పని నేర్చుకున్న సెంటర్లో కంబం ఉండె. రోజూ ఎక్కితిమి."

"రోజూ ఎక్కితిమి అంటావు, ఇదే మొదలంటావు. ఎండ తలకెక్కిందా ఏం నీకు?"

"ఆ కంబం పండబెట్టి ఉండె."

"ఏమి?"

"పండబెట్టి ఉండె అత్తా. నేల మీద."

"కంబాన్నా?"

"ఊ."

"యాలప్పా?"

"మా తరబేతి సెంటరు బట్టలంగడి మిద్దె మీద కదా. ఒకటే హాలు. చెయ్యి ఎత్తితే ఫ్యాను తగుల్తాది. ఆ కంబాన్ని లోపలికి తెచ్చిందే కిటికీ పీకి తెచ్చినారు. ఇంగ నిలబెట్టేది యాడ? అడ్డంగా పండబెట్టేసినారు. మేము బెల్టు కట్టుకోని దాని మీద పాకతా పోయేది. ఈ కొసనుంచి ఆ కొసకి. ఆ కొసలో గోడకి తీగెలు కట్టి ఉండె. ఆడికి పోయి తీగె బిగించేది."

"అయ్యో నా తల్లీ."

"నగుతాండావా?"

"నగు వస్తాంది నాయనా, ఏమీ అనుకోవద్దు. బల్లి మాదిరి పాకితిరా అందరూ?"

"మేమూ నగితిమి మొదట్లో. తర్వాత అలవాటైపాయె. ఫోటో తీసినాక మా సారు ఆ ఫోటోని నిలువుగా తిప్పుతాండె. తిప్పినాక సూస్తే కంబం నిట్టనిలువుగా, నేను కొసలో తీగె పట్టుకోని. ఆ ఫోటోనే ఢిల్లీకి పాయె. మీ ఇంట్లో గోడకి ఉండేది అదే."

"దాంట్లో నీ జుట్టు ఒక పక్కకే లేచి ఉండాది. గాలి బాగా కొట్టినట్లుండాది, పాపం, అంత ఎత్తులో పిల్లోడు ఎట్ల నిలబడినాడో అనుకుంటి నేను."

"గాలి కాదత్తా. జుట్టు నేలకి వాలింది."

"ఇప్పుడు నగు రావట్లా నాకు."

"మాట్లాడతా ఉండు."

"మీకు పరీక్షె చేసేకి ఎవరూ రాలేదా? సర్కారు పని కదా. ఊరికే ముద్ర ఏసేస్తారా?"

"వచ్చినాడు, బెంగళూరినుంచి ఒక సారు. కంబాన్ని సూసి, ఇదేమిటి ఇట్లుండాది అన్నాడు. మా సారు ఆయనకి టేపు ఇచ్చి, పొడుగు సరిగ్గా ఉండాదా లేదా మీరే కొలుసుకోండి సార్ అన్నాడు. కొలిచినాడు. సరిగ్గానే ఉండె. సరే అని అందరి బొటనవేలు ఒత్తించుకోని పాయె."

"ఎక్కించి సూడలేదా?"

"యాడికి ఎక్కేది?"

"టీవీలో మాత్రం అదే చెప్తాండారు కదప్పా. దేశంలో పిల్లోళ్ళకంతా చేతిపని నేర్పిస్తాండాము, ఇంటి దగ్గరే పని ఇప్పిస్తాండాము అని. అది సూసి కదా నేను మీ నాయనతో కొట్లాడి నిన్ను పంపిస్తి. డెలివరీ బండి ఎక్కి ఆ బెంగళూరు రోడ్లల్లో యాల సావాల, ఈ పని నేర్చుకుంటే ఊర్లోనే ఉంటాడు అని."

"నేర్పించాలనే ఉండాది వాళ్ళకి. ఇంతమందికి నేర్పించాల, ఇంతమందిని పనిలో చేర్చాల అని ఢిల్లీనుంచి లెక్క వస్తాదంట. లెక్క తక్కువైతే సెంటరు మూసేస్తారంట. మా సారు ఏం చేస్తాడు? ఆయనకి కంబం ఇచ్చినారు, మిద్దె ఇచ్చినారు, కంబం పట్టే మిద్దె ఇవ్వలా."

"ఆయప్పని ఎనకేసుకోని రావొద్దు. దిగు నువ్వు."

"ఏమి?"

"దిగు అంటాండా. టమోటా ఎండితే ఎండనీ. రేపు వెంకటరాయప్ప వస్తాడు. పెద్ద లైన్‌మెను, ఆయప్పే ఎక్కతాడు. నువ్వు దిగు."

"దిగితే మంజునాథన్న మళ్ళా నన్ను పిలవడత్తా. కంట్రాక్టు ఆయప్పది. వెంకటరాయప్ప చిక్కబళ్ళాపురలో మీటింగుకి పోయినాడు, నువ్వు ఒక్కనివే సెయ్యి, చేసి ఫోటో పంపించు, అప్పుడు నిన్ను పనిలో గట్టి చేస్తా అన్నాడు."

"మళ్ళా ఫోటోనా."

"ఊ."

"వాని ఫోటోకి నిప్పు పెట్ట. నువ్వు దిగప్పా. నేను చెప్తా మంజునాథకి. నా అల్లున్ని నేనే దించితి అని చెప్తా."

"అది కాదత్తా."

"ఇంగేమి?"

"దిగేది రాదు నాకు."

"అంటే?"

"పండబెట్టిన కంబం మీద కొసకి పోయినాక పక్కకి కాలు దించి లేచి నడిచి వచ్చేస్తాంటిమి. ఎనక్కి పాకేది ఎవరూ నేర్పలా. ఇంతకుముందు ఒక కాలు కిందికి పెట్టి సూస్తి. యాడ పెట్టాలో తెలీలా. జారె. అందుకే నిలబడిపోతి. గాలి కాదు."

"దేవుడా. చేతనా. గట్టిగా పట్టుకో నాయనా. నేను పోయి నిచ్చెన తెస్తా."

"నీ నిచ్చెన ఇంత పొడుగు ఉండాదా?"

"లేదు. మా మిద్దెకే అందదు అది."

"నువ్వు పోవద్దు. నువ్వు ఊర్లోకి పోయి వచ్చేలోపల నా కాళ్ళు తట్టుకోవు. ఇప్పుడే వణుకుతాండాయి. కింద నుంచి కనపడతాందా?"

"కనపడట్లా."

"నిజంగా?"

"కనపడతాంది."

"అత్తా, నా సెల్లు నీ దగ్గరే ఉండాది కదా. మంజునాథన్నకి ఫోన్ చెయ్యి. జీపులో నిచ్చెన ఉండాది, తెమ్మను."

"ఉండు. ఎం, మంజునాథ... ఇది. మోగతాంది. మోగతాంది. ఎత్తట్లా అప్పా. గూళూరికి పోయినాడు కదా, సెల్లు జీపులోనే పెట్టేసినట్లుండాడు. మళ్ళా చేస్తా. ఊహూ. ఎత్తట్లా."

"అదే అనుకుంటి. ఆ జీపులోనే ఎర్తు గొలుసు కూడా ఉండాది."

"అదేమి?"

"తీగెకి తగిలించి భూమిలోకి దించే గొలుసు. పొరపాటున కరెంటు వచ్చినా అది భూమిలోకి పోతాది, మనిషిని పట్టదు. అది తగిలించకుండా ఎక్కొద్దు అని వెంకటరాయప్ప నాకు పదేపదే చెప్పినాడు. మంజునాథన్నని అడిగితే, లైను ఆపించినాక గొలుసు యాలప్పా అనేసి జీపెక్కి పాయె."

"ఆపినారు కదా, మరి?"

"ఆపినారంట. మంజునాథన్న ఫోన్‌లో మాట్లాడి, ఆపించినా, ఎక్కు అన్నాడు. నేను నా చెవితో వినలా."

"మా మోటరు తిరగట్లా కదప్పా. కరెంటు లేనట్లే కదా?"

"మోటరు తిరగనిది ఈ తీగె తెగిందానికత్తా. తెగినదాని పైన ఉండే తీగెలో ఉండాదో లేదో మోటరుకి ఏం తెలుసు?"

"కింద ఏదో పిడి ఉంటాది కదా. వెంకటరాయప్ప దాన్ని కిందికి లాగతాంటాడు."

"తుప్పు పట్టి బిగుసుకపోయుండాది. లాగి సూస్తి. అది లాగినా ఆ పై తీగెలో కరెంటు పోదు. దాన్ని ఆపాలంటే సబ్‌స్టేషన్‌లోనే ఆపాల."

"ఆపినట్లు వాళ్ళకి మటుకు ఎట్ల తెలుస్తాది?"

"ఆడ పెద్ద ఇనప బీరువాలుంటాయి. ఒక్కో లైనుకి ఒకటి. పిడి తిప్పితే లైను ఆగుతాది. పిడి పైన రెండు దీపాలుంటాయి. పచ్చ దీపం వెలిగితే లైను ఆగినట్లు. ఎర్ర దీపం వెలుగుతా ఉంటే లైను బతికి ఉండాది, ముట్టుకోవద్దు అని."

"ఇదన్నా సరిగ్గా నేర్పినారే మీ సారు."

"ఆయనా? మా క్లాసులో బీరువా యాడిది? ఫ్లెక్సీ మీద బొమ్మ అచ్చేసి గోడకి కట్టినారు. దాని మీద వేలు పెట్టి ఆఫ్ అని గట్టిగా అరిచేది. దీపాలు రోడ్డు సిగ్నలు మాదిరే అని చెప్పె మా సారు. ఎర్రదంటే నిలబడింది, పచ్చదంటే పోతాంది అని. మేము అట్లే బట్టీ పెట్టుకుంటిమి. వెంకటరాయప్ప మొదటి రోజు నన్ను స్టేషన్‌కి తీసకపోయి ఎర్ర దీపం సూపించి, ఏమప్పా ఇది అని అడిగినాడు. ఆగింది అంటి. నెత్తిన ఒకటి మొట్టె సూడు, ఇప్పటికీ నొప్పి ఉండాది."

"ఆ మొట్టినోడే ఇప్పుడు ఉండుంటే బాగుండు."

"ఊ."

"కాళ్ళెట్ల ఉండాయి?"

"ఎడమ కాలు తిమ్మిరెక్కింది. అత్తా, నేను పైకే పోతా."

"వద్దు."

"విను. పైన ఇనప పట్టీ ఉండాది సూడు, అడ్డంగా. దాని మీద కూర్చోవచ్చు. కూర్చుంటే కాళ్ళకి బరువుండదు. మంజునాథన్న వచ్చేదాకా కూర్చునే ఉంటా."

"ఆ తీగెల పక్కనా?"

"ఆపినారు కదా."

"నీ చెవితో వినలా అంటివి కదా ఇప్పుడే."

"ఈడ ఉంటే పడతా అత్తా. ఇది మటుకు ఖాయం. బెల్టు నడుముని కోసేస్తాంది. పైకి పోయేది ఒకటే తెలుసు నాకు, కిందికి తెలీదు. ఏం చెయ్యమంటావు?"

"ఆ స్టేషన్‌కే ఫోన్ చేస్తా నేను. నా చెవితో వింటా. నీ చెవితో కూడా వినిపిస్తా. వాళ్ళు ఆపినామంటేనే పోవాల. సరేనా? ఒట్టు పెట్టు."

"చేతులు ఖాళీ లేవు ఒట్టు పెట్టేకి."

"నోటితో పెట్టు."

"నీ మీద ఒట్టు. బిన్నా చెయ్యి, ఆలస్యం చెయ్యొద్దు. సబ్‌స్టేషన్ అనే ఉంటాది పేరు."

"ఉండు, చెయ్యి చెమట పట్టి సెల్లు మీద వేలు నిలవట్లా. మంజునాథ, మదన, ఊహూ, కింద. ఇది. మోగతాంది. స్పీకరు యాడప్పా ఒత్తేది?"

"మైకు మాదిరి బొమ్మ ఉంటాది సూడు."

"ఒత్తినా. ఎత్తినారు. హలో. హలో, ఎవరు మాట్లాడేది?"

"నమస్తే అమ్మా. సబ్‌స్టేషన్. ఏం కావాల?"

"ఆడపిల్లా? ఎవరమ్మా నువ్వు? ఆడ పెద్దాయన ఉండాల కదా."

"ఆపరేటరు సారు భోజనానికి పోయినారమ్మా. నేను రక్షిత. ఈ పొద్దే చేరినా."

"చేతనా, ఎవరో రక్షిత అంట."

"రక్షితనా? మా బ్యాచి రక్షిత? అడుగత్తా, చింతామణి రక్షితనా అని."

"చేతనన్నా? నేనే అన్నా. నీ గొంతేనా అది? యాడుండావు?"

"కంబం మీద ఉండా రక్షితా."

"పండబెట్టిందా, నిలబెట్టిందా?"

"నిలబెట్టిందే."

"అయ్యో దేవుడా. బయ్యం కాలేదా అన్నా?"

"అవుతాంది. నీకు?"

"నాకూ పొద్దున్నుంచి బయ్యమే. బీరువాలు ఇంత పెద్దవి ఉంటాయని నాకేం తెలుసు. గుయ్యిమని సద్దు. పక్కన నిలబడేకే కాదు. మంజునాథన్న ఫోన్ చేసి మిట్టేమరి తోటల లైను ఆపమన్నాడు, ఒక్కదాన్నే ఉండా, ఏడుపొచ్చేసింది."

"అత్తా, బయ్యం లేదు ఇంగ. మా క్లాసుకంతా మొదటిది ఈ పాప. బొమ్మ మీద వేలు పెడితే ఒక్క రోజు తప్పు చెప్పలా. మా సారు ఈ పాపకే చప్పట్లు కొట్టిస్తాండె."

"ఉండప్పా, నేనే అడగతా. అమ్మా రక్షితా, నేను వాని మేనత్తని. మా పిల్లోడు ఇప్పుడు ఆ తీగెల దగ్గరికి పోతాండాడు. లైను ఆగి ఉండాదా?"

"ఆగి ఉండాది అత్తమ్మా."

"నిజంగా సూసినావా తల్లీ?"

"సూసినా. ఇప్పుడు కూడా దాని ఎదురుగానే నిలబడి ఉండా. తోటల లైను అని పేరు రాసుండాది, రెండుసార్లు చదువుకుంటి."

"విన్నావా అత్తా? నా చెవితో కూడా వింటి. ఎక్కతాండా."

"నిదానం నాయనా. ఒక్కో కాలు. సూసుకోని."

"పైకి పోయేది వచ్చులే నాకు. పాకినట్లే అనుకుంటాండా. మిద్దె మీద ఉండా, నెత్తి మీద ఫ్యాను తిరుగుతాంది అనుకుంటాండా."

"అట్లే అనుకో. అట్లే అనుకో నాయనా."

"పట్టీ దగ్గరికి వస్తి అత్తా. ఇంగ ఒక మూరెడు. చెయ్యి చాపితే అందుతాది."

"మంజునాథ రానీ వానికి నేను చెప్తా. అమ్మా రక్షితా, లైనులోనే ఉండు తల్లీ, పెట్టేయొద్దు. నువ్వు మాట్లాడతా ఉంటే నాకు ధైర్యంగా ఉండాది. అంత పెద్ద పిడి ఒక్కదానివే ఎట్ల తిప్పితివమ్మా?"

"తిప్పే పనే పడలేదత్తమ్మా, దేవుని దయ. నేను వచ్చి సూసేటప్పటికే ఎర్ర దీపం వెలుగుతా ఉండె, ఇప్పుడూ సక్కగా వెలుగుతానే ఉండాది."